రెండు రూపాయల వడ్డీ ఎంత శాతం?

వత్సవాయి మండలంలో ఒక హైస్కూలు. ఎనిమిదో తరగతి లెక్కల పీరియడు. సాలుకు 8 శాతం చొప్పున 5,000 రూపాయలకు రెండేళ్ళకు బారువడ్డీ ఎంత అని బోర్డు మీద ఉంది. తలలు పుస్తకాల్లోకి వంగాయి గాని కలాలు కదల్లేదు. మాస్టారు బోర్డు తుడిచేసి ఇంకోరకంగా అడిగారు.

"మీ నాన్న మిరపతోటకి రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చాడనుకోండి. పంట చేతికొచ్చేసరికి ఎనిమిది నెలలు. వడ్డీ ఎంతవుద్ది?"

వెనక బెంచీలోంచి ఒకడు లేవకుండానే చెప్పాడు. "పదహారొందలు సార్."

"మరి అది సాలుకి ఎంత శాతంరా?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ముందు వరసలో ఒకమ్మాయి సందేహంగా అంది. "శాతం బ్యాంకోళ్ళది కదా సార్. ఇది బయటి వడ్డీ."

ఒక మూల కూర్చుని వింటున్న నాకు, హైస్కూలు పిల్లలకు డబ్బు సంగతులు నేర్పడం గురించి నేను చదివిన నివేదికల్లో దొరకనిది ఆ పిల్ల మాటలో దొరికింది. పల్లెటూరి పిల్లకు వడ్డీ తెలుసు. నూటికి నెలకు ఇన్ని రూపాయలని తెలుసు. బడి మాత్రం అదే వడ్డీని సాలుకు ఇంత శాతమని చెబుతుంది. ఈ రెండూ ఒకటేనని ఇంట్లోనూ చెప్పరు, బళ్ళోనూ చెప్పరు. రూపాయి వడ్డీ అంటే 12 శాతం, రెండు రూపాయలంటే 24, అయిదు రూపాయలంటే 60. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పొదుపు సంఘాలకు 3 శాతానికి రుణాలని చెప్పి ఊరుకుంటే ఎందరికి ఎక్కేదో గాని, 'పావలా వడ్డీ' అనేసరికి సంతకం రాని ముసలమ్మలకు కూడా అర్థమైపోయింది. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో మంచి లెక్కల మాస్టారు కావలసినవాళ్ళు.

ఊరి లెక్కలు బళ్ళో నేర్పే చదువు కొత్తదేమీ కాదు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో జిల్లాల్లోని బడుల లెక్క తీయమన్నప్పుడు బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ మరుసటి ఏడాది పంపిన నివేదికలో వీధిబడుల చదువు కొంత వివరంగా ఉంది. పిల్లలు ఎక్కాలతో పాటు రకరకాల చేతిరాతల్లో ఉన్న ఉత్తరాలు చదవడం, ఒడంబడిక పత్రాలు రాయడం నేర్చేవారు. పంతులుగారు నలుగురి దగ్గరా పోగుచేసిన అసలు కాగితాలే వాచకాలు. పావు, అర, ముప్పావు, వీసం లెక్కలు నోటికి వచ్చేదాకా వదిలేవారు కాదు. ఆ బళ్ళలో చదువు అందరికీ అందలేదు, ఆడపిల్లలకు దాదాపు అందలేదు. అందుకని ఆ రోజులను పొగడను. కాని ఊళ్ళో తిరిగే కాగితాన్నే పాఠం చెయ్యాలన్న తెలివి వాళ్ళకుంది. తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఆ కాగితం కనబడకుండా పోయి 'అసలు, కాలం, రేటు' మిగిలాయి.

నా చిన్నప్పటికి బళ్ళో 'సంచయిక' ఉండేది. జాతీయ పొదుపు సంస్థ నడిపించిన బడిబ్యాంకు. పిల్లలే మేనేజరు, పిల్లలే క్యాషియరు. వారానికో రోజు పావలా, అర్ధరూపాయి కట్టించుకుని చిన్న పాసుపుస్తకంలో రాసేవారు. క్యాషియరైన కుర్రాడి దర్జా చూడాలి! ఏడాది చివర నా పుస్తకంలో నాలుగు రూపాయల చిల్లర తేలింది. సెలవులయ్యాక ఇస్తామన్నారు. సెలవులయ్యాక హెడ్మాస్టరు మారారు, పుస్తకాల బీరువా తాళం మారింది, నా నాలుగు రూపాయలు ఎటు పోయాయో ఇప్పటికీ తెలియదు. దాచుకోవడంతో పాటు దాచినచోటు ఎలాంటిదో చూసుకోవాలన్న సంగతి కూడా ఆ పథకమే నాకు నేర్పింది, పాఠ్యప్రణాళికలో లేకపోయినా.

ఇప్పుడు దేశవ్యాప్తంగా ఈ డబ్బు చదువు సంగతి చూసేది జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా నియంత్రణ సంస్థ, పింఛను నియంత్రణ సంస్థ కలిసి నడిపే సంస్థ అది. ఆరో తరగతి నుంచి పరీక్షలు పెడుతుంది, టీచర్లకు శిక్షణ ఇస్తుంది, సీబీఎస్ఈతో కలిసి ఆరు నుంచి పది దాకా వర్క్‌బుక్కులు వేసింది. అది 2019లో చేసిన సర్వేలో దేశంలోని పెద్దవాళ్ళలో 27 శాతం మందికే ఆర్థిక అక్షరాస్యత ఉందని తేలింది. ఆడవాళ్ళలో ఇంకా తక్కువ, 21 శాతం. ఈ అంకె చూసినప్పుడల్లా నాకు మా ఊరి సంఘం లీడర్లు గుర్తొస్తారు. 1990ల్లో నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం వెనకాలే వచ్చిన 'పొదుపులక్ష్మి' నుంచి ఇప్పటిదాకా అంతర్గత అప్పులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కంతులు అన్నీ నోటి లెక్కతో నడిపిస్తున్నవాళ్ళు. ఏ ప్రశ్న ఏ భాషలో అడిగితే వాళ్ళు ఆ 21లోకి వస్తారో, రారో!

ఇంతకీ బళ్ళో చెబితే ఫలితం ఉంటుందా? పండితుల్లో పెద్ద తగవే ఉంది. 2014లో ఫెర్నాండెజ్, లించ్, నెటమేయర్ అనే ముగ్గురు అప్పటికి వచ్చిన 201 అధ్యయనాలను పోగేసి చూశారు. మనుషుల ఆర్థిక ప్రవర్తనలో తేడాలకు ఈ పాఠాలు కారణమయ్యేది ఒక శాతంలో పదో వంతు మాత్రమేనని, ఎంత బాగా చెప్పినా కాలం గడిచేకొద్దీ కరిగిపోతుందని తేల్చారు. అవసరం ముంచుకొచ్చిన సమయానికి చెబితే మేలన్నది వాళ్ళ సలహా. 2022లో కైజర్, లుసార్డి బృందం కేవలం లాటరీ పద్ధతిలో జరిగిన 76 ప్రయోగాలను తీసుకుని, అంత నిరాశ అక్కర్లేదు, ఫలితం కనబడుతోందంది. ఎవరిది ఒప్పు అంటే నాకు బ్రెజిల్ ప్రయోగం చూడాలనిపిస్తుంది. ఎందుకంటే అది హైస్కూలు పిల్లల మీదే జరిగింది, పైగా ఏళ్ళ తరబడి వదలకుండా వెంటబడింది.

2010-11లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు బ్రెజిల్‌లో 892 హైస్కూళ్ళలో దాదాపు 25,000 మందితో ఆ పని చేశారు. విడిగా క్లాసు పెట్టకుండా లెక్కలు, సోషల్, భాష పాఠాల్లోనే డబ్బు సంగతులు కలిపేశారు. ఇంట్లో తల్లిదండ్రులతో కలిసి చేసే పనులూ ఇచ్చారు. పిల్లల మార్కులు పెరిగాయి, పొదుపు పెరిగింది, ఇంటి బడ్జెట్టు మాటల్లో తల్లిదండ్రులు కూడా చేరారు. అంతవరకు సంతోషమే. కాని ఆ పిల్లలే వాయిదాల మీద వస్తువులు కొనడం, ఖరీదైన అప్పులు వాడడం కూడా కాస్త ఎక్కువ చేశారు! అప్పు గురించి తెలిసేసరికి భయం పోయింది కాబోలు. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే కథ తిరగబడింది. వాళ్ళు ఖరీదైన అప్పుల జోలికి తక్కువగా పోతున్నారు, సొంతంగా చిన్న వ్యాపారాలు పెట్టినవాళ్ళు ఎక్కువగా ఉన్నారు. ఏడాది చివర పరీక్ష పెట్టి ఈ చదువు విలువ తేల్చేసేవాళ్ళు ఈ ప్రయోగం ఒకసారి చదవాలి.

మనకు ఇంకా దగ్గరిది 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ చిల్లర సరుకులూ అమ్మే పిల్లలను కలిసింది. కిలో ఇంత చొప్పున ఎనిమిది వందల గ్రాములు కొని నోటు చేతిలో పెడితే, ఆ పిల్లలు కాగితం లేకుండా చిల్లర లెక్క తప్పకుండా ఇచ్చేశారు. అవే అంకెలను బడి లెక్కలా కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడి లెక్క బాగా చేసే పిల్లలను బజారు లెక్కలోకి దింపితే వాళ్ళూ అంతే. వత్సవాయి బళ్ళో వెనక బెంచీ కుర్రాడు, ముందు వరస అమ్మాయి నాకు చూపించింది ఇదే.

ఈ నేలలో డబ్బు ఎలా తిరుగుతుందో కూడా చూడాలి. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట. మునేరు, సాగర్ ఎడమ కాలువ ఉన్నా నీళ్ళకు నమ్మకం లేదు. పత్తి, మిర్చి, కాస్త సుబాబుల్. ఎకరాలకు ఎకరాలు కౌలు. పెట్టుబడి జూన్‌లో, రాబడి జనవరి తర్వాత, మధ్యలో అంతా అప్పే. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు పొంగినప్పుడు ఇసుక మేటవేసింది చేల మీద, వడ్డీ మేటవేసింది ఇళ్ళ మీద. పదో తరగతి సోషల్‌లో ద్రవ్యం, పరపతి పాఠంలో ఒక సన్నకారు రైతు స్వప్న ఉంటుంది. వేరుశనగకు అప్పు తెచ్చి, పురుగు తగిలి పంట పోయి, అప్పుల ఊబిలో దిగిపోతుంది. అదే పాఠంలో ఒక ఊరి రైతు వడ్డీవ్యాపారి దగ్గర నెలకు నూటికి 5, ధాన్యం వ్యాపారి దగ్గర నెలకు నూటికి 3 చొప్పున తెస్తాడు. అంటే అయిదు రూపాయలు, మూడు రూపాయలు. చూశారా, ఒక్కసారి పాఠ్యపుస్తకం మన భాష మాట్లాడింది! పరీక్షలో అడిగేది మాత్రం నియత, అనియత పరపతి ఆధారాల మధ్య తేడాలు రాయమని.

ప్రామిసరీ నోటు సంగతి ఏ పాఠంలోనూ లేదు. మా వైపు ప్రతి ఇంటికీ ఆ కాగితంతో ఎప్పుడో ఒకప్పుడు పని పడింది. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం. రాసిన నాటి నుంచి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, కోర్టులో చెల్లదు. మధ్యలో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. అందుకని గడువు దగ్గరపడగానే నోటు తిరగరాస్తారు. తిరగరాసినప్పుడు వడ్డీ అసల్లో కలుస్తుంది. లక్ష రూపాయలు రెండు రూపాయల బారువడ్డీకి మూడేళ్ళయితే 1,72,000. అది కొత్త నోటు మీద అసలుగా మారి మరో మూడేళ్ళు నడిస్తే 2,95,840. "మాది చక్రవడ్డీ కాదండీ, ధర్మంగా బారువడ్డీ" అని అప్పిచ్చినాయన అనేది అబద్ధమేమీ కాదు, మూడేళ్ళకోసారి తప్ప. ఎనిమిదో తరగతి చక్రవడ్డీ సూత్రంలో కాలవ్యవధి ఏడాదికి బదులు మూడేళ్ళు వేస్తే ఈ లెక్క వచ్చేస్తుంది. దీనికన్నా మంచి ఉదాహరణ ఆ పాఠానికి ఉంటుందనుకోను. దాంతో పాటే, అంకె వెయ్యని ఖాళీ నోటు మీద సంతకం చెయ్యకూడదని కూడా ఆ పీరియడులోనే చెప్పేయొచ్చు.

ఇంకో లెక్క. బండి కొనేటప్పుడు ఫైనాన్సు కుర్రాడు "రూపాయి వడ్డీయే, ఫ్లాట్" అంటాడు. లక్ష అప్పు, రెండేళ్ళు, వడ్డీ 24,000, మొత్తం 24 కంతులు, కంతు సుమారు 5,167. వినడానికి 12 శాతమే. కాని మొదటి కంతు నుంచే అసలు తగ్గిపోతోంది, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే పడుతోంది. తగ్గిన అసలు మీద లెక్కేస్తే సాలుకు దాదాపు 21న్నర శాతం. ఆ 'రూపాయి' నిజానికి రూపాయి ఎనభై పైసలు. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులన్నిటికీ అసలు ఖర్చు ఎంతో వార్షిక రేటుగా చూపిస్తూ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని, అది తీసుకునేవాడికి తెలిసిన భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. రైతు చదవలేకపోతే తొమ్మిదో తరగతి కూతురు చదివి పెట్టగలదు, ఆ కాగితంలో ఎక్కడ చూడాలో ఒక్కసారి చూపిస్తే.

ఇక్కడ ఒక హెచ్చరిక నాకు నేనే చెప్పుకోవాలి. పాఠాలు చెబితే మోసాలు ఆగిపోతాయని నమ్మించడం ప్రభుత్వాలకూ కంపెనీలకూ సుఖం, తప్పంతా తెలియనివాడి మీదికి పోతుంది కాబట్టి. మన ఉమ్మడి కృష్ణా జిల్లా చరిత్ర అలా లేదు. 2006 మార్చిలో అధిక వడ్డీలు, వసూళ్ళలో దౌర్జన్యాల ఫిర్యాదులతో కృష్ణా జిల్లా అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలను యాభై దాకా మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సే తేవలసి వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వడ్డీ దందా బయటపడింది. అగ్రిగోల్డ్ సరేసరి, అది విజయవాడ నుంచి నడిచి లక్షల మంది దగ్గర వేల కోట్లు సేకరించింది. ఏజెంట్లుగా తిరిగింది మన పక్కింటి చదువుకున్న కుర్రాళ్ళే. వీటిలో దేన్నీ పదో తరగతి పాఠం ఆపి ఉండేది కాదు. చట్టం, తనిఖీ, అరెస్టు చెయ్యాల్సిన పని అది. పంట రుణం రెన్యువల్‌కు వెళ్ళిన నాకు ఒక బ్యాంకులో అడగని బీమా పాలసీ అంటగట్టినప్పుడు నా చదువు నాకు ఎంత అక్కరకొచ్చిందో నాకు తెలుసు. వెనక క్యూ ఉంది, సంతకం పెట్టి వచ్చేశాను.

మరో చిక్కు పరువుది. మొదట్లో ఆ లెక్కల మాస్టారు ఉత్సాహంగా "మీ ఇంట్లో అప్పెంత, వడ్డీ ఎంత, రాసుకురండి" అని ఇంటిపని ఇచ్చారట. మర్నాడు ఒక తండ్రి బడి గేటు దగ్గర నిలబడ్డాడు. "మా ఇంటి గుట్టు మీ బళ్ళో ఎందుకండీ మాస్టారూ?" న్యాయమైన ప్రశ్నే. ఆ అప్పిచ్చినవాళ్ళ పిల్లలు కూడా అదే క్లాసులో ఉంటారు. (మా వైపు వడ్డీలకు తిప్పేవాళ్ళలో నెల జీతగాళ్ళూ తక్కువేం కాదు, ఆ సంగతి స్టాఫ్‌రూములో ఎవరూ ఎత్తరు.) అప్పటి నుంచి ఆయన పేర్లు లేని కాగితాలు వాడుతున్నారు. ఎవరిదో తెలియని పాత తక్‌పట్టీ (మార్కెట్లో పంట అమ్మిన చీటీ), అంకెలు మార్చిన నోటు, పేరు కొట్టేసిన పాసుపుస్తకం జిరాక్సు.

పాసుపుస్తకం ఒక్కటే నెల రోజులకు సరిపడా పాఠం. మేలో గాని, జూన్ మొదట్లో గాని 436 రూపాయలు, 20 రూపాయలు పోయినట్టు ఉంటుంది. చాలామంది బ్యాంకువాళ్ళు కొట్టేశారనుకుంటారు. 436 జీవన్ జ్యోతి బీమా, 20 సురక్షా ప్రమాద బీమా, ఒక్కోదానికీ 2 లక్షలు. ఇంట్లో మనిషి పోయాక ఆ గీత గుర్తుపట్టక క్లెయిము అడగనివాళ్ళున్నారు. 2025లో ప్రభుత్వం బడిపిల్లల తల్లుల ఖాతాల్లో వేసే 'తల్లికి వందనం' జమైంది, 15,000 అన్నారు, పడింది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకు. అమ్మ ఖాతాలో గీత చూసి "రెండువేలు ఎవరు తిన్నారు?" అని అడిగే పిల్లకు జవాబు ఆ బళ్ళోనే ఉంది, ఆ డబ్బుతో ఏం కొన్నారో అడిగే హక్కు కూడా. ఇక పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది, 2025 జులై నుంచి కొత్త నియమాలు పెట్టింది. పాత సంచయికకు ఇంతకన్నా గట్టి వారసుడు లేడు. ఖాతా ఉన్న పిల్లకు పాఠం ఊరికే పోదు.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా ఫెర్నాండెజ్ బృందాన్ని అడగక్కర్లేదు, మన పంటల పంచాంగమే చెబుతుంది. అప్పులు పుట్టే జూన్‌లో నోటు, వడ్డీ, ఫ్లాట్ రేటు. ఇంట్లో ఫోనుకు కొత్త కొత్త లోన్ యాప్‌లు వచ్చి పడే దసరా రోజుల్లో యూపీఐ, పిన్ను, సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 నంబరు. డబ్బు తీసుకోడానికి పిన్ను కొట్టక్కర్లేదన్న ఒక్క ముక్క వస్తే చాలు, సగం మోసాలు గేటు దగ్గరే ఆగుతాయి. పంట అమ్ముకునే జనవరిలో తక్‌పట్టీ. విడిగా సబ్జెక్టు, విడిగా టీచరు, విడిగా పరీక్ష వద్దనే నా మాట. పరీక్ష పెట్టిన మరుక్షణం గైడ్లు వస్తాయి.

జనవరి పాఠానికి మాత్రం ఒక అడ్డంకి ఉంది. అప్పుడే మిరప కోతలు. నేను మళ్ళీ ఆ బడికి వెళ్ళిన రోజు క్లాసులో మూడో వంతు బెంచీలు ఖాళీ. మాస్టారు ఖమ్మం మార్కెట్ తక్‌పట్టీ ఒకటి బోర్డు మీదికి ఎక్కించారు. సంచులు, తూకం, ధర, దాని కింద కమీషను, హమాలీ, దడవాయి, చివర రైతు చేతికొచ్చేది. పిల్లలు తీసివేతలు చేసి సరిపోయిందన్నారు.

రెండ్రోజుల తర్వాత కోతలకు పోయినవాళ్ళు వచ్చారు. అందులో ముందు వరస అమ్మాయి కూడా ఉంది, చేతులు మంటగా ఉన్నాయని కలం రెండు వేళ్ళతో పట్టుకుంది. బోర్డు మీద లెక్క ఇంకా చెరపలేదు. కాసేపు చూసింది.

"సార్, ఇందులో మా కోత కూలి ఏది?"

"అది ఇందులో ఉండదమ్మా. ఇంటికొచ్చాక రైతు ఇస్తాడు."

"మరైతే రైతుకి మిగిలింది ఇది కాదుగా సార్," అని చివరి అంకె కింద గీత గీసి, మళ్ళీ తీసివేత మొదలుపెట్టింది.